అప్పగింతల మేడం

మా అప్పగింతల మేడం దేన్నీ ఊరికే వదిలిపెట్టేది కాదు. మనిషైనా, మాటైనా, పొయ్యి మీది పాలైనా, తన చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, "తీసుకున్నారా?" అని అడిగేది. అవతలివాళ్లు "తీసుకున్నాను" అనాలి. తలూపితే చెల్లదు. "ఊఁ" అంటే చెల్లదు. ఆ మాట చెవిన పడ్డాక గడియారం చూసుకుని, చేతిపుస్తకంలో టైము రాసుకుని, అప్పుడు కదిలేది. ఈలోగా బస్సు పోతే పోనీ, వాన వస్తే రానీ.

నర్సులు, అంబులెన్సు సిబ్బంది కాబోయే పిల్లలకు శిక్షణ ఇచ్చే బడిలో ఆవిడ టీచరు. మూడు రకాల మాటలు నేర్పేది. వైద్యుల మాటలు, చట్టం మాటలు, ప్రాణం మీదకు వచ్చినప్పుడు అనవలసిన మాటలు. అన్నిటిలోకీ ఆవిడకు ఇష్టమైన మాట పరిత్యాగం. "ఒకసారి రోగి మీద చెయ్యి వేశాక, మీకంత తెలిసినవాళ్లకో, మీకంటే ఎక్కువ తెలిసినవాళ్లకో అప్పగించకుండా వదిలి వెళితే దాన్ని చట్టం పరిత్యాగం అంటుంది" అని మొదటి రోజే చెప్పేది. చట్టం ఆ మాటను రోగుల వరకే అన్నది. మేడం సృష్టి మొత్తానికి వర్తింపజేసింది.

ఒకసారి ఆవిడతో పాటు నేనూ సిటీ బస్సులో ఉన్నాను. ఆవిడ దిగవలసిన స్టాపు వచ్చింది. లేచింది. నిలబడి ఉన్న ఒక లావుపాటాయన ఆ సీట్లోకి ఒరగబోయాడు.

"ఒక్క నిమిషం" అంది మేడం. "ఇది కిటికీ సీటు. ఎడమ కాలి దగ్గర మేకు లేచి ఉంది. పక్కాయన నిద్రపోతున్నారు, మలుపు తిరిగినప్పుడల్లా తల మీ భుజం మీద వాలుతుంది. ఆయన్ని రైలు గేటు దగ్గర లేపాలి. తీసుకున్నారా?"

"ఏం తీసుకోవాలి? సీటునా, ఆయన్నా?"

"ఇద్దరినీ."

"సీటు తీసుకుంటా. ఆయనతో నాకేం సంబంధం?"

"అయితే సీటు ఇవ్వలేను" అని మేడం మళ్లీ కూర్చుంది.

బస్సు రెండు స్టాపులు ముందుకు పోయింది. చివరికి కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "నేను తీసుకున్నానమ్మా. సీటూ, మేకూ, ఆ నిద్రపోయే పెద్దమనిషీ, అన్నీ నావే. దిగండి" అన్నాడు. మేడం టైము రాసుకుని దిగింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ బస్సు ఎక్కుతుంటేనే కండక్టరు అంత దూరం నుంచి "తీసుకున్నాను" అని కేకపెట్టేవాడు. కొత్తగా ఎక్కినవాళ్లు, వీడేదో లంచం తీసుకుని ఒప్పుకుంటున్నాడనుకునేవారు.

పాల సంగతి ఇంకా గొప్పది. క్యాంటీను అతను చక్కెర కోసం పక్క కొట్టుకు వెళుతూ పొయ్యి మీద పాలు చూడమని మేడంకి చెప్పాడు. ఇంతలో ఆవిడకు క్లాసు గంట కొట్టారు. అటుగా ప్రిన్సిపాల్ గారు వచ్చారు. కోటు వేసుకుని, గొంతు సవరించుకోకుండా ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి ఆయన. మేడం ఆయన చేతిలో గరిటె పెట్టి, పాలెంత, ఎప్పుడు పొయ్యి ఎక్కాయి, ఏ వైపు నుంచి పొంగుతాయి, అన్నీ చెప్పి, "తీసుకున్నారా సార్?" అంది. ఆయన ఏదో ధ్యాసలో "తీసుకున్నాను" అన్నారు. అంతే, చిక్కుకుపోయారు. చక్కెర కోసం వెళ్లినవాడికి దారిలో చుట్టాలు కలిశారు. ఆ రోజే పైఆఫీసు నుంచి తనిఖీ బృందం వచ్చింది. బడి అంతా వెతికి వెతికి, ప్రిన్సిపాల్ గారిని క్యాంటీనులో, కోటు మీద మీగడ చుక్కలతో, గరిటె పట్టుకుని ఉండగా కనుక్కున్నారు. "ఇక్కడ అధికారులు అన్ని విభాగాలనూ స్వయంగా చూసుకుంటారు" అని వాళ్లు రిపోర్టులో మెచ్చుకున్నారు.

ఇందులో అబద్ధం లేదు. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి, అబద్ధం చెప్పను. కాస్త సాగదీస్తాను, అంతే.

ఇంతకీ నాకు ఆ బడిలో ఏం పని అంటారా? నేను అక్కడ పదకొండేళ్లు రోగిని. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరయ్యాక దొరికిన ఉద్యోగం అది. పిల్లలు నేర్చుకోవాలంటే ఒక రోగి కావాలి. అంతకుముందు ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉండేదట. అది పాడైపోయిందని, ప్రతిభ గల మనిషి కోసం వెతుకుతున్నామని మేడమే మా ఇంటికి వచ్చి అడిగింది. నా ప్రతిభ ఊరంతా ఎలా పాకిందా అని నేను ఆశ్చర్యపోలేదు. పాకదా మరి.

పదకొండేళ్లలో ఆరువందల సార్లు స్పృహ తప్పాను. రెండువందల సార్లు నిచ్చెన మీద నుంచి పడ్డాను. నలభై మూడు సార్లు చచ్చిపోయాను, అందులో రెండు సార్లు టీ చల్లారిపోతోందని మధ్యలో లేచాను. జేబులో ఒక నీళ్ల స్ప్రే సీసా ఉండేది. చెమట కావాలంటే నుదుటి మీద రెండు పిచికారీలు. ఎర్ర సిరా రక్తం. మూలుగుల్లో నాకు పదిహేడు రకాలు వచ్చు.

మేడం నన్ను "పేషెంటు గారూ" అని పిలిచేది. నన్ను మంచం మీద పడుకోబెట్టి పిల్లలకు పాఠం చెప్పేది.

"హఠాత్తుగా వచ్చి, గట్టిగా పట్టుకుని, త్వరగా తేలిపోయేది అక్యూట్. నెమ్మదిగా వచ్చి ఏళ్ల తరబడి పాతుకుపోయేది క్రానిక్. పేషెంటు గారూ, ఉదాహరణ చెప్పండి."

"మా ఆవిడ కోపం అక్యూట్ మేడం. నా బుద్ధి క్రానిక్."

"రాసుకోండి" అనేది పిల్లలతో, నవ్వకుండా.

మరో రోజు సమ్మతి గురించి. రోగిని ముట్టుకునే ముందు పేరు చెప్పుకుని, ఏం చేయబోతున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే ముట్టుకోవాలి. స్పృహలో లేకపోతే మాత్రం ఒప్పుకున్నట్టే లెక్క. నేను ఇంటికి వెళ్లి ఈ సంగతి మా ఆవిడకు చెప్పడం పొరపాటయింది. మర్నాడు నేను మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా పాత చొక్కాలు తొమ్మిది ఇంట్లో లేవు. "నిద్రలో ఉన్నారు. ఒప్పుకున్నట్టే లెక్క" అంది. నిద్ర వేరు, స్పృహ తప్పడం వేరు అని నేను మేడం చేత చెప్పించేలోపు చొక్కాలు గిన్నెలుగా మారిపోయాయి.

నాకొక చెడ్డ అలవాటు ఉండేది. కాగితం మీద రాసి ఇచ్చిన జబ్బుతో తృప్తి పడేవాణ్ణి కాదు. కాలు విరిగిందని రాసి ఉంటే కాలుతో పాటు కామెర్లు కూడా తెచ్చుకునేవాణ్ణి. పిల్లలు తికమకపడుతుంటే అదో సంతోషం. మాలాంటి నాటక రోగులకు నిజంగానే ఒంట్లో బాగాలేకపోతే అనడానికి ఒక మాట ఏర్పాటు చేశారు: "ఇది నాటకం కాదు." ఆ మాట వినగానే అందరూ అన్నీ ఆపేసి చూడాలి. ఆ మాటను నేను మూడు సార్లు వాడాను. ఒకసారి టీ కోసం. ఒకసారి ఒక కుర్రాడు కట్టు కడుతూ చక్కిలిగింత పెట్టాడు. మూడోసారి, ఆ మాట అంటే ఏమవుతుందో మళ్లీ చూద్దామని. మూడు సార్లూ మేడం తన పుస్తకంలో రాసుకుంది.

ఆ బడిలో ఒక అమ్మాయి ఉండేది. చివరి పరీక్ష రెండు సార్లు తప్పి మూడోసారికి వచ్చింది. తోటివాళ్లు ఆమెను "మూడోసారి" అనే పిలిచేవారు. చేతులు బంగారం. కట్టు కట్టినా, సూది పట్టినా చూసి తీరాలి. పరీక్షాధికారి ఎదురుగా నిలబడితే మాత్రం నాలుక అంగిట్లోకి ముడుచుకుపోయేది. ఫ్రాక్చర్ అనవలసిన చోట "అదేనండీ, అది, విరిగిందండీ" అనేది. మూడుసార్లకు మించి పరీక్ష రాయనివ్వరు. ఈసారి పోతే అంతే, ఇంటికే.

ఆమెను మేడం నాకు అప్పగించింది. "పేషెంటు గారూ, ఈ అమ్మాయి రోజూ సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా మీ మీద ప్రాక్టీసు చేస్తుంది. మాటలు వచ్చు, బయటికి రావు. తొందరపెడితే లోపలికి పోతాయి. మీ కామెర్లు, మీ కథలు ఈ గంటలో వద్దు. తీసుకున్నారా?"

"కథలు కూడా వద్దా?"

"వారానికి ఒకటి."

"తీసుకున్నాను."

ఆ అమ్మాయి రోజూ వచ్చేది. "తాతగారూ, నేను మిమ్మల్ని పరీక్ష చేస్తాను, మీకు సమ్మతమేనా?" అని మొదలుపెట్టి నాడి చూసేది, ఊపిరి లెక్కపెట్టేది. చివర్లో మేడం నేర్పిన పద్ధతిలో నన్ను కుర్చీకి అప్పగించేది. ఎవరీయన, ఏం కనిపించింది, ఎప్పుడు, ఏం చేశాం, ఇక ఏం చేయాలి. అయిదు వాక్యాలు. కుర్చీ ముందు ఒక్క మాట తడబడేది కాదు.

"కుర్చీకి కళ్లజోడు పెట్టి చూడమ్మా" అనేవాణ్ణి. పెడితే తడబడేది.

పరీక్ష రోజు వచ్చింది. పెద్ద హాలును తెరలతో పది గదులుగా విడగొట్టారు. ఒక్కో గదిలో ఒక్కో పరీక్ష, ఎనిమిది నిమిషాలు. గంట కొట్టగానే విద్యార్థి తర్వాతి గదికి వెళ్లాలి. వెళ్లకపోతే ఆ గదికి సున్నా. రెండు సున్నాలు వస్తే పరీక్ష పోయినట్టే. నేను నాలుగో గదిలో ఉన్నాను. నిచ్చెన మీద నుంచి పడిన మేస్త్రీని, కుడికాలు ఫ్రాక్చర్.

బడి టీచర్లు హాల్లో ఉండకూడదు కాబట్టి మేడం పొద్దున్నే నన్ను బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారికి అప్పగించింది. ఆయన పేరున్న పెద్ద డాక్టరు. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని మనిషిని పైనుంచి చూస్తాడు.

"ఈ పేషెంటు గారికి కుడికాలు మాత్రమే విరిగింది సార్" అంది మేడం. "ఇంకేం చెప్పినా నమ్మకండి. స్క్రిప్టులో లేని జబ్బులు కలుపుతారు. 'ఇది నాటకం కాదు' అన్నా పట్టించుకోకండి, మూడు సార్లు అన్నారు. తేదీలు కావాలా?"

"అక్కర్లేదు" అన్నాడాయన.

"తీసుకున్నారా?"

"సరే సరే."

"సరే కాదు సార్."

"తీసుకున్నానమ్మా" అన్నాడు విసుగ్గా. మేడం టైము రాసుకుని వెళ్లిపోయింది.

ముగ్గురు పిల్లలు నా కాలికి కట్టు కట్టి వెళ్లారు. నాలుగో అమ్మాయి రావడానికి ముందు నాకు దవడ లాగడం మొదలయింది. పొద్దున తిన్న రొట్టె గట్టిదేమో అనుకున్నాను. తర్వాత ఎడమ చెయ్యి బరువెక్కింది. కుడికాలు విరిగిన మేస్త్రీకి ఎడమ చేత్తో ఏం పని అని దాన్ని కోప్పడ్డాను. ఛాతీ మీద ఎవరో పోస్టు సంచీ పెట్టినట్టుంది. అప్పుడు అన్నాను, మెల్లగా: "డాక్టరు గారూ, ఇది నాటకం కాదు."

ఆయన మార్కుల కాగితంలోంచి తల ఎత్తలేదు. "బాగా చేస్తున్నారు" అన్నాడు. "ఇప్పటిదాకా చూసిన రోగుల్లో మీరే సహజంగా ఉన్నారు."

జీవితంలో నాకు దొరికిన పొగడ్తల్లో అదొక్కటే సంతోషం కలిగించలేదు.

గంట కొట్టారు. "మూడోసారి" అమ్మాయి తెర తీసుకుని లోపలికి వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. "అదేనండీ, నేను, మిమ్మల్ని, పరీక్ష" అని ఆగింది. నేను సరే అన్నట్టు కళ్లు మూశాను. నా మణికట్టు పట్టుకుంది. వెంటనే ఆ చేతుల్లో వణుకు ఆగిపోయింది.

"తాతగారూ, స్ప్రే సీసా ఎక్కడుంది?"

జేబు తడిమింది. సీసా నిండుగా ఉంది, మూత కూడా తీయలేదు. నా చెవుల వెనక వేలితో తాకి చూసింది. నేను నుదుటి మీద తప్ప ఎక్కడా చెమట కొట్టుకోనని ఆమెకు తెలుసు. చెవుల వెనక చల్లగా, తడిగా ఉంది.

"సార్, వీరికి నిజంగా బాగాలేదు."

"కాలు చూడమ్మా. టైము పోతోంది."

"కాలు బాగానే ఉంది సార్. వీరి నాడి నాకు తెలుసు. రెండు సార్లు ఫెయిలయ్యాను కదా, మూడేళ్ల నుంచీ చూస్తున్నాను. ఎప్పుడూ డెబ్బై రెండే. ఇప్పుడు నూట పద్దెనిమిది ఉంది. మధ్యలో తప్పుతోంది."

"ఆయన అలా కలుపుతారని మీ మేడమే చెప్పింది."

"నాడిని ఎలా కలుపుతారు సార్?"

అంతలో గంట కొట్టారు.

"తర్వాతి గదికి వెళ్లు."

"వీరిని మీరు తీసుకుంటే వెళతాను సార్."

"తీసుకోవడం ఏమిటి? ఇది పరీక్ష."

"అయితే వెళ్లను."

"సున్నా వస్తుంది."

"రానీయండి సార్" అంది, నన్ను సగం కూర్చోబెట్టి, చొక్కా గుండీలు తీస్తూ. తెర బయట ఉన్న అటెండరును పేరు పెట్టి పిలిచి, అంబులెన్సుకు ఫోను చేయమని, చేసి వచ్చి తనకు చెప్పమని పంపింది. నా ఛాతీ మీద పోస్టు సంచీ ఉన్నా సరే, ఈ పిల్ల మొదటి సారి ఒక్క "అదేనండీ" లేకుండా మాట్లాడుతోందే అని నాకు తోచింది. ఆ ముక్క ఆమెకు చెబుదామనుకున్నాను. ఊపిరి చాలలేదు.

మళ్లీ గంట. ఆరో గది కూడా పోయింది. రెండు సున్నాలు. ఆ అమ్మాయి గంట వైపు తల కూడా తిప్పలేదు. డాక్టరు ముక్కు చివరి కళ్లజోడు మీదుగా ఆమెనే చూస్తున్నాడు. ఆమె నిటారుగా నిలబడి ఆ కళ్లజోడులోకే చూస్తూ మొదలుపెట్టింది.

"డెబ్బై ఒక్కేళ్ల పురుషుడు. పది గంటల పన్నెండు నిమిషాలకు చూశాను. దవడ, ఛాతీ, ఎడమ చెయ్యి నొప్పి, చల్లటి చెమట, నాడి నూట పద్దెనిమిది, లయ తప్పుతోంది. గుండెపోటు అని నా అనుమానం. కూర్చోబెట్టాను, బట్టలు వదులు చేశాను, అంబులెన్సు పిలిపించాను. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. తీసుకున్నారా సార్?"

అయిదు వాక్యాలు దాటి ఒకటి ఎక్కువయిందేమో. ఆ పరిస్థితిలో నేను లెక్కపెట్టలేదు.

ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఇక బాధ్యత ఆయనది. అది ఆయనకు తెలుసు. మార్కుల కాగితం పక్కన పెట్టి, వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ముక్కు చివరి కళ్లజోడు ఉన్నట్టుండి పైకి వెళ్లి సరైన చోట కూర్చుంది.

"తీసుకున్నాను" అన్నాడు, చాలా మర్యాదగా.

అమ్మాయి గడియారం చూసి టైము రాసుకుంది. పాఠం ఆ మాత్రం వంటబట్టింది. తర్వాత ఏడో గదికి పరుగెత్తింది.

అంబులెన్సులో కళ్లు తెరిచేసరికి మేడం నా తల దగ్గర ఉంది. ఆవిడ ముఖం అంత తెల్లగా ఎప్పుడూ చూడలేదు. "తప్పుడు అప్పగింత నాది పేషెంటు గారూ" అంది. "నమ్మొద్దని చెప్పింది నేనే."

"మూడు సార్లు అబద్ధమాడింది నేను మేడం."

"అది కూడా రాసుకున్నాను" అంది.

ఆసుపత్రిలో సాయంత్రం ఆరు దాటితే ఒక్క మనిషికి మించి ఉండనివ్వరు. ఆ ఒక్కరు మా ఆవిడ. పగలు ఆమెను కాసేపు ఇంటికి పంపాలంటే ఇంకొకరు కావాలి. మేడం ఒక పట్టిక వేసింది. పొద్దున బస్సు కండక్టరు వచ్చి, "తీసుకున్నాను" అని వార్డంతా వినిపించేలా అరిచి, నర్సు చేత చీవాట్లు తిని, నా పక్కన కూర్చుని పేపరు చదివేవాడు. పది గంటలకు క్యాంటీను అతను. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు, కోటుతో సహా, ఫ్లాస్కులో పాలు తెచ్చేవారు. "పొంగకుండా కాచాను" అని గొంతు సవరించుకునేవారు. ఒకరు వెళ్లేటప్పుడు ఇంకొకరికి నన్ను అప్పజెప్పేవారు: ఎంత తిన్నాడు, ఎంత నిద్రపోయాడు, నర్సుతో ఏం అబద్ధం చెప్పాడు. ఎనిమిది రోజుల్లో ఒక్క గంట కూడా నేను ఎవరి చేతిలోనూ లేకుండా పోలేదు. మా పోస్టాఫీసులో రిజిస్టర్డు ఉత్తరానికి కూడా అంత భద్రత ఉండేది కాదు.

మూడో రోజున పెద్ద డాక్టరు నన్ను చూడడానికి వచ్చాడు. మేడం ఆయనకు కుర్చీ వేసి, తలుపు దగ్గర నిలబడింది. బయటికి పోవడానికి ఇంకో దారి లేదు.

"ఆ అమ్మాయిని మీకు అప్పగించాలి సార్."

"నేనేం చేయగలనమ్మా? రెండు గదులకు వెళ్లలేదు. రూలు రూలే."

"మీ మార్కుల కాగితంలో చివరి వాక్యం చదివారా? రోగిని అప్పగించకుండా వదిలి వెళ్లిన విద్యార్థి ఫెయిలని ఉంది. ఆమె వెళ్లి ఉంటే ఏం చేసేవారు?"

"ఫెయిల్ చేసేవాణ్ణి."

"వెళ్లలేదు కాబట్టి?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"చేతులు బంగారం" అంది మేడం. "మాటలు వచ్చు. తొందరపెడితే లోపలికి పోతాయి. ఆ రెండు గదుల పరీక్షా మళ్లీ పెట్టాలి. తీసుకున్నారా సార్?"

"నేను తీసుకోను అంటే?"

"నాకు ఈ రోజు వేరే పనేం లేదు సార్" అని మేడం తలుపుకు ఆనుకుంది.

"తీసుకున్నాను" అన్నాడాయన. పైవాళ్లతో మాట్లాడి అనుమతి కూడా ఆయనే తెచ్చాడు. అయిదో గది పరీక్ష ఉబ్బసం రోగికి, ఆరో గది పరీక్ష చెయ్యి కాలిన రోగికి. బడిలో పెడతామన్నారు. నేను ఊరుకుంటానా? నా మంచం దగ్గరే పెట్టాలని పట్టుబట్టాను. వార్డు డాక్టరు నన్ను ఆయాసపడనివ్వనన్నాడు. చివరికి పడుకునే ఉండి, నోటితో చెప్పే ఉబ్బసానికీ, ఎర్ర సిరా పూసిన చేతికీ ఒప్పందం కుదిరింది.

ఏడో రోజున అమ్మాయి వచ్చింది. నా మంచం పక్కన నిలబడ్డ పెద్ద డాక్టరు కళ్లజోడు చూసింది. నన్ను చూసింది. "తాతగారూ, నేను మిమ్మల్ని పరీక్ష చేస్తాను, మీకు సమ్మతమేనా?" అంది, ఒక్క తడబాటు లేకుండా. ఆ రోజు నేను కాగితంలో ఉన్న రెండు జబ్బులు తప్ప ఇంకేదీ పడలేదు. పడాలని నాలుక పీకింది. ఉబ్బసంతో పాటు చిన్న పాము కాటు ఒకటి ఎంత బాగుండేదో. దిండు కొరుక్కుని ఊరుకున్నాను. అమ్మాయి పాసయింది. పక్క మంచాలవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకాయన తనకు కూడా ఉబ్బసమేనని, కాస్త చూసిపొమ్మని పిలిచాడు.

వెళ్లేముందు ఆ అమ్మాయి నా దుప్పటి సర్దుతూ అంది, "మీరు తొందరపడి రాకండి తాతగారూ. క్లాసులు బాగానే నడుస్తున్నాయి. బొమ్మ ఉందిగా."

"ఏ బొమ్మ?"

"మేడం బీరువాలోది. కొత్తదానిలా ఉంది. అట్టపెట్టె కూడా పారెయ్యలేదు."

"అది పదకొండేళ్ల కిందటే పాడైపోయిందిగా?"

అమ్మాయి నాలుక కరుచుకుని, వెళ్లొస్తానని, పక్క మంచం ఉబ్బసాయన వైపు తిరిగింది.

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె చాలా శ్రద్ధగా అరటిపండు తొక్క తీస్తోంది.

"నీకు తెలుసా?"

"నాకెందుకు తెలీదు" అంది. "మిమ్మల్ని అప్పగించిందే నేను."

రిటైరయ్యాక నేను నెల రోజులు మెట్ల మీద కూర్చుని ఉండేవాణ్ణట. పేపరు మీద, చపాతీ పీట మీద, అద్దె రసీదు మీద, పోస్టాఫీసు అలవాటు కొద్దీ పిడికిలితో టక్ టక్ మని కొడుతూ ఉండేవాణ్ణట. అందుకు ఆమె భయపడలేదు. "నెల రోజుల్లో ఒక్క అబద్ధం చెప్పలేదండీ మీరు. వాన పడుతోందా అంటే, పడుతోంది అన్నారు. అంతే. నాకు గుండె ఆగినంత పనైంది. వెళ్లి మేడంకి చెప్పాను. ఏం తింటున్నారు, ఎంత నిద్రపోతున్నారు అని అన్నీ అడిగి రాసుకుని, 'పొద్దున తొమ్మిది నుంచి అయిదు దాకా నేను తీసుకున్నాను' అంది. బొమ్మ సంగతి నాకూ తర్వాతే తెలిసింది."

అంటే నా ప్రతిభ ఊరంతా పాకలేదన్నమాట. ఆ సాయంత్రమంతా కాస్త బాధపడ్డాను. ప్లాస్టిక్ బొమ్మ పదకొండేళ్లు నాకోసం బీరువాలో చీకట్లో కూర్చుందని తలచుకున్నాక, బాధ తగ్గి గర్వం కలిగింది. ఏ నటుడికి దక్కింది ఆ గౌరవం?

ఎనిమిదో రోజు డిశ్చార్జి. ఆసుపత్రి మెట్ల దగ్గర మేడం చేతిపుస్తకం తెరిచి మా ఆవిడ ఎదురుగా నిలబడింది.

"డెబ్బై ఒక్కేళ్ల పురుషుడు. గుండెపోటు, ఇప్పుడు నిలకడగా ఉన్నారు. మాత్రలు రోజుకు నాలుగు. మెట్లు వద్దు. అబద్ధాలు రోజుకు మూడు, భోజనం తర్వాత. పూర్తిగా మానేస్తే మాత్రం వెంటనే నాకు కబురు చేయాలి. తీసుకున్నారా?"

మా ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఆలోచించుకోవడానికి టైమిస్తారా?" అంది.

"ఇవ్వడానికి రూలు లేదమ్మా."

"సరే, తీసుకున్నాను. పాత సరుకే కదా."

టైము రాసుకుంది. రాసుకుని కూడా మేడం కదల్లేదు. నా వైపు తిరిగింది.

"పేషెంటు గారూ. అరవై అయిదేళ్ల స్త్రీ. ఎనిమిది రోజులుగా కుర్చీలో కూర్చునే నిద్రపోయారు. తిన్నానని చెప్పారు, తినలేదు. ఎవరూ చూడనప్పుడు రెండు సార్లు ఏడ్చారు, ఒకసారి మీ నాడి మామూలుగా ఉందని నర్సు చెప్పాక. ఇంటికి వెళ్లగానే పడుకోబెట్టాలి. తీసుకున్నారా?"

పదిహేడు రకాల మూలుగులు వచ్చినవాణ్ణి. ఆరువందల సార్లు స్పృహ తప్పినవాణ్ణి. ఒక్క మాట గొంతులోంచి రావడానికి అంతసేపు ఎందుకు పట్టిందో నాకు తెలియదు.

"తీసుకున్నాను" అన్నాను.

"టైమెంత?" అంది మేడం, కలం పట్టుకుని. ఆవిడ గడియారం ఎందుకో ఆవిడకు సరిగ్గా కనబడడం లేదు.

"సరిగ్గా పన్నెండు" అన్నాను.

మా ఆవిడ తలెత్తి గోడ గడియారం చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"పదకొండూ ఇరవై" అంది. "ఇంకా భోజనం కూడా కాలేదు, అప్పుడే మొదలెట్టారు."